కోల్‌కతాలో ఎవరు ఎలా పెట్టారు



కోల్‌కతా వెళ్ళొచ్చినవాళ్ళని ఎవరైనా ముందు ఏం చూశారనే అడుగుతారు. వాళ్ళూ విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్, దక్షిణేశ్వరం, హౌరా వంతెన అని గబగబా అప్పజెప్పేస్తారు. ఏం తిన్నారు, పెట్టినవాళ్ళు ఎలా పెట్టారు అని అడిగేవాళ్ళు అరుదు. నాకు మాత్రం కొత్త ఊళ్ళో దిగగానే మొదట కావలసింది అన్నం దొరికే చోటు. అందుకని ఈ పూట గుళ్ళూ మేడల జోలికి పోను. చలికాలంలో మా ఆవిడతో కలిసి ఆ ఊళ్ళో తిన్న తిండి గురించీ, పెట్టిన మనుషుల గురించీ ఉన్నదున్నట్టు చెబుతాను. మొహమాటం లేకుండానే చెబుతాను.

మన తెలుగువాళ్ళలో ఒక తరానికి బెంగాలీ భోజనం రుచి చూడకముందే పరిచయం. చక్రపాణి గారు, బొందలపాటి శివరామకృష్ణ గారు తెలుగులోకి తెచ్చిన బెంగాలీ రచయిత శరత్ నవలలు చదువుకుంటూ పెరిగిన తరం అది. ఆ నవలల్లో ఆడవాళ్ళు విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంటారు. ఇంకొంచెం తినమని బతిమాలతారు. తినకపోతే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అంత ఆపేక్ష ఊరంతా దొరుకుతుందని ఏ మూలో ఆశ పెట్టుకుని వెళ్ళినవాళ్ళకి కోల్‌కతా హోటలు మొదటి పూటే ఆ భ్రమ వదిలిస్తుంది. అక్కడ బతిమాలేవాడు లేడు, అరిచేవాడున్నాడు.

ఆ ఊళ్ళో పైస్ హోటళ్ళని ఉన్నాయి. పైసల్లో కడుపు నిండిన రోజుల్లో పుట్టాయి కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. జిల్లాల నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళు, కంపెనీ ఆఫీసుల్లో గుమాస్తాలు, మెస్సుల్లో కాలక్షేపం చేసే ఒంటరి మగవాళ్ళు, వీళ్ళ కోసం వెలిసినవి. కాలేజ్ స్ట్రీట్ పక్కన భవానీ దత్తా సందులో స్వాధీన్ భారత్ హిందూ హోటల్, న్యూ మార్కెట్‌కి దగ్గర్లో సిద్ధేశ్వరీ ఆశ్రమ్, రాస్‌బిహారీ ఎవెన్యూలో తరుణ్ నికేతన్, ఇవన్నీ ఈనాటికీ నడుస్తున్నాయి. మొదటిదానికి స్వాతంత్ర్యం వచ్చాకే పేరు ముందు ‘స్వాధీన్ భారత్’ చేరింది. అప్పటిదాకా ఉత్త హిందూ హోటలే.

మన భోజన హోటల్లో పద్ధతి మీకు తెలిసిందే. టోకెన్ కొనుక్కుని ఆకు ముందు కూర్చుంటే పప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు వరసగా వస్తాయి. మారు అడిగితే కాదనరు. డబ్బు ముందే తీసుకున్నారు కాబట్టి ఎంత తిన్నా మన ఇష్టం. పైస్ హోటల్లో అదంతా తిరగబడుతుంది. అరటాకు వేస్తే ఆకుకి రేటు. నిమ్మచెక్కకి రేటు. అన్నానికి ఒక రేటు, మళ్ళీ వడ్డించుకుంటే ఆ అన్నానికి వేరే. పప్పు గిన్నె, వేపుడు, కూర, చేప ముక్క, దేని లెక్క దానిదే. గోడ మీద నల్లబల్ల ఉంటుంది. పొద్దున్న బజారులో ఏం దొరికిందో దాన్నిబట్టి సుద్దముక్కతో రాస్తారు, అయిపోయినదాన్ని చేత్తో తుడిచేస్తారు. ఒంటిగంట దాటితే ఆ బల్ల సగం ఖాళీ.

మొదటిసారి చూసినప్పుడు ఆకుకి కూడా డబ్బులేమిటని మనకి ఒళ్ళు మండుతుంది. రెండో పూటకి అందులో న్యాయం కనిపిస్తుంది. పక్కన ఒక విద్యార్థి అన్నం, పప్పు, ఒక వేపుడు తిని చాలా తక్కువ డబ్బుతో బయటపడుతున్నాడు. ఎదురుగా ఒక పెద్దమనిషి రెండు రకాల చేప, రొయ్యలు, మాంసం తింటున్నాడు. ఇద్దరిదీ ఒకే బల్ల, ఒకే రకం ఆకు, వడ్డించేదీ ఒక్కడే. ఎవడి బిల్లు వాడిది.

మాకు వడ్డించినాయన యాభై దాటిన మనిషి. భుజం మీద గళ్ళ తువ్వాలు, ఎడమ చేతి మీద పెద్ద పళ్ళెం, అందులో చిన్న చిన్న గిన్నెలు పది పన్నెండు. మెనూ కార్డు ఇవ్వడం లాంటి తతంగం లేదు. పళ్ళెం మన ముక్కు దగ్గరికి తెచ్చి గిన్నెలన్నీ చూపిస్తూ ఒక్క ఊపిరిలో పేర్లు చదివేస్తాడు. రుయి, కాత్లా, పాబ్దా, చింగ్రి, ఇలిష్. మా ఆవిడ శాకాహారి. ‘నిరామిష్’ అనే మాట రైల్లోనే నేర్చుకుని సిద్ధంగా ఉంది. ఆ మాట అనగానే, అప్పటికే ఆవిడ ఆకు పక్కన పెట్టేసిన పప్పు గిన్నెని ఆయన చటుక్కున వెనక్కి లాగేసుకున్నాడు. “ఎటా నొయ్ బౌదీ, మాఛేర్ మాథా ఆఛే” అన్నాడు. వద్దు వదినా, అందులో చేప తలకాయ ఉందని. వేయించిన పెసరపప్పులో చేప తల వేసి వండటం అక్కడ పండగ వంట. పైకి చూస్తే పసుపుపచ్చగా మామూలు పప్పులాగే ఉంటుంది. ఆయన చెప్పకపోతే మాకు తెలిసేది కాదు.

తర్వాత ఆవిడకి శుక్తో తెచ్చాడు. కాకరకాయ, ములక్కాడ, అరటికాయ, వంకాయ కలిపి పల్చగా చేసే చేదు కూర. బెంగాలీ భోజనం చేదుతో మొదలవుతుంది. ఆ తర్వాత పప్పు, వేపుడు, కూర, చేప, మాంసం, చిట్టచివర తియ్యటి పచ్చడి, అప్పడం, మిఠాయి. ఏ పదార్థానికి ఆ పదార్థం విడిగా అన్నంలో కలుపుకు తినాలి. మనం ఆకు మీద పప్పూ వేపుడూ పచ్చడీ కలిపి కొట్టేస్తుంటే ఆయన కొంచెం జాలిగా చూశాడు.

శాకాహారులకి కోల్‌కతాలో పస్తే అనుకుంటారు మనవాళ్ళు. అది పొరపాటు. అరటిపువ్వుతో మోచార్ ఘొంటో, గసగసాల ముద్దలో ఆలూ పోస్తో, శనగపప్పు రుబ్బి బిళ్ళలుగా కోసి వేయించి పులుసులో వేసే ధోకార్ దాల్నా, పనసకాయతో ఎంచోడ్, ఇంత శాకం మరోచోట దొరకడం కష్టం. ఈ వంటల వెనక ఒక కన్నీటి చరిత్ర ఉంది. ఒకప్పుడు అక్కడి హిందూ వితంతువులు చేప, మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టకూడదని కట్టడి. అంత చిన్న గిరి గీసి అందులోనే బతకమంటే, వాళ్ళు తొక్కతో, కాడతో, పువ్వుతో ఇన్ని రుచులు పుట్టించారు. మా ఆవిడ అరటిపువ్వు కూర తిని, “మనం ఆవపెట్టి చేసినట్టే ఉంది” అంది. గోదావరి జిల్లాల్లో పనసపొట్టులో ఆవ పెట్టేవాళ్ళకి బెంగాలీ వంట పరాయిదేమీ కాదు. అయితే ఒక్క జాగ్రత్త. అరటిపువ్వు కూరలో, సొరకాయ కూరలో చిన్న రొయ్యలు వేసే అలవాటు కూడా ఉంది. అడిగి తినాలి.

ఇక నా సంగతి. ఇలిష్ పేరు వినగానే చెయ్యి చాపాను. ఆ గిన్నె అన్నిటికన్నా ఖరీదు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు ఇలిష్ కోల్డ్ స్టోరేజీది, వానల్లో రండి, ఇవాళ పాబ్దా బాగుంది, అది తినండి అన్నాడు. ఖరీదైనది అమ్ముకునే అవకాశం చేతిలో పెట్టుకుని చవకది తినమన్నాడు! నవ్వలేదు, సార్ అనలేదు, బాగుందా అని అడగలేదు. మేం లేచేసరికి మా వెనక ఇద్దరు నిలబడి కుర్చీల కోసం చూస్తున్నారు, ఆయన అప్పుడే ఆకులు తీసేస్తున్నాడు. అక్కడి నుంచే గుమ్మం దగ్గరున్న గల్లాపెట్టె ఆయనకి వినపడేలా అరిచాడు, రెండు ఆకులు, ఇన్ని అన్నాలు, ఒక శుక్తో, ఒక పాబ్దా అంటూ. ఆ గల్లా ఆయన కాగితం మీద రాయకుండా కూడేశాడు. లెక్క పైసాతో సహా సరిపోయింది.

ఇలిష్ దగ్గర కొంచెం ఆగాలి. అది మన పులసే. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస, గంగ పాయల్లోకీ పద్మలోకీ వెళితే ఇలిష్. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనం అంటాం, వాళ్ళు అంతకన్నా పిచ్చిగా ఉంటారు. వండే తీరులోనే తేడా అంతా. మనం బెండకాయలు, చింతపండు, ఆవకాయ నూనె వేసి మట్టి దాకలో పులుసు పెట్టి మర్నాటిదాకా ఓపిక పడతాం. వాళ్ళు ఆవముద్ద, పచ్చిమిర్చి, ఆవనూనె పట్టించి ఆవిరి మీద ఉడికించి అప్పటికప్పుడు తినేస్తారు. ఏది గొప్పంటే, గోదావరివాడిని కాబట్టి నా తీర్పు చెల్లదు గానీ, పులుసే.

అదే పళ్ళెంలో రుయి, అంటే మన శీలావతి గిన్నె ఉంది. ఎక్కడి చేప అని అడిగాను. ఆయన కాస్త గొంతు తగ్గించి, “ఆంధ్రా” అన్నాడు. కొల్లేరు చుట్టుపక్కల, భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెరిగిన శీలావతీ బొచ్చే ఐసులో పేర్చి లారీలకెత్తితే వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హౌరా స్టేషను పక్కనున్న చేపల బజారుకి చేరతాయి. బెంగాల్‌కి రోజూ చాలినంత చేప అక్కడే దొరకదు. ఆ లోటు ఏళ్ళ తరబడి మన చెరువులే పూడుస్తున్నాయి. అయినా అక్కడి గృహస్థుకి అది ‘చాలానీ’, అంటే పైనుంచి దిగుమతైన సరుకు. తొట్టెలో కొట్టుకుంటున్న స్థానిక చేపకే గౌరవం, రేటూ దానికే.  కానీ వడ్డించేవాడు దాచకుండా ఆంధ్రా సరుకని చెప్పి అమ్ముతున్నాడు చూడండి, అది నాకు నచ్చింది.

సరే, కాలేజ్ స్ట్రీట్ దాకా వచ్చాక కాఫీ హౌస్ చూడకుండా ఎలా? 1876లో ఆల్బర్ట్ హాలుగా మొదలైన మేడ అది. 1942లో కాఫీ బోర్డు అందులో కాఫీ హౌస్ పెట్టింది. తర్వాత బోర్డు ఈ వ్యాపారం వద్దనుకుని చేతులు దులుపుకుంది. దేశమంతటా ఆ పనివాళ్ళు రోడ్డున పడే సమయానికి కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కే. గోపాలన్ పూనుకుని వాళ్ళ చేత సహకార సంఘాలు పెట్టించారు. కోల్‌కతాలోనూ ఇప్పుడు నడుపుతున్నది పనివాళ్ళ సహకార సంఘమే. బేరర్లకి తెల్ల దుస్తులు, తలపాగా, నడుముకి వెడల్పాటి పట్టీ. ఆ వేషం చూస్తే దర్బారులో ఉన్నట్టుంటుంది, కాఫీ తాగితే ఆ మత్తు దిగిపోతుంది. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నాలుకకి అది కాఫీ అని నచ్చజెప్పుకోవడం కష్టం. కట్‌లెట్ నూనె పీల్చుకుని ఉంది. పిలిచిన పావుగంటకి బేరర్ వచ్చాడు, తెచ్చింది మేం అడిగింది కాదు, మార్చమంటే మా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ హాలులో కూర్చున్నవాళ్ళెవరికీ ఈ లోపాలతో పనిలేదు. పైకప్పుకి వేలాడే పొడుగు కాడల ఫ్యాన్లు, రవీంద్రుడి పెద్ద చిత్రపటం, చెవులు హోరెత్తే మాటలు. పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు ఒక చిన్న పత్రిక ప్రూఫులు దిద్దుకుంటున్నారు. ముందున్న కప్పులు ఎప్పుడో ఆరిపోయాయి. గంటన్నర అయినా వాళ్ళని లేవమన్నవాడు లేడు, ఇంకేం కావాలని వెంటపడినవాడూ లేడు. పైస్ హోటల్లో మన వెనక నిలబడే ఊరే ఇక్కడ మన సంగతే మర్చిపోతుంది. అన్నం దగ్గర తొందర, మాట దగ్గర తీరిక. మన్నా డే పాడిన కాఫీ హౌస్ పాట బెంగాలీలకి ఇప్పటికీ ప్రాణమంటే ఆశ్చర్యం లేదు, ఆ పాట కాఫీ రుచి గురించి మాత్రం కాదు.

ఇప్పుడు మర్యాద బాగా జరిగిన చోటు చెబుతాను. పార్క్ స్ట్రీట్ వైపు ఒక పెద్ద రెస్టారెంట్. పేరెందుకు లెండి. తలుపు తెరవడానికి ఒకడు, కుర్చీ లాగడానికి ఒకడు, ఒళ్ళో గుడ్డ పరవడానికి ఇంకొకడు. ‘సర్’ అనే మాట ఎన్నిసార్లు అన్నారో. మేం ఏ నీళ్ళు కావాలో చెప్పకముందే సీసా మూత తీసేశారు. ఏది బాగుంటుందని అడిగితే అన్నీ బాగుంటాయన్నాడు కుర్రాడు. ఆ జవాబు విన్నప్పుడే లేచి రావలసింది. పళ్ళాల్లోకి వచ్చినవి చూడముచ్చటగా ఉన్నాయి, చల్లగానూ ఉన్నాయి. బిల్లులో తిన్నదాని కింద సర్వీస్ చార్జి పది శాతం, ఆ రెండూ కలిపిన మొత్తం మీద జీఎస్‌టీ.

ఈ సర్వీస్ చార్జి విషయం శ్రోతలు కొంచెం శ్రద్ధగా వినాలి, ఎందుకంటే ఇది కోల్‌కతాకే కాదు, హైదరాబాదుకీ విశాఖకీ వర్తిస్తుంది. జీఎస్‌టీ ప్రభుత్వానికి వెళ్ళేది, అది కట్టక తప్పదు. సర్వీస్ చార్జి ప్రభుత్వానిది కాదు, హోటలువాళ్ళు వేసుకున్నది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ హోటలూ దీన్ని తనంతట తాను బిల్లులో కలపకూడదు, పేరు మార్చి వసూలు చేయకూడదు, కట్టకపోతే లోపలికి రానివ్వమనకూడదు. హోటళ్ళ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాళ్ళ పిటిషన్లు కొట్టేసి, ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. మనసుకి నచ్చితే బల్ల మీద ఎంతైనా పెట్టి రండి, అది మీ ఇష్టం. బిల్లులో వేస్తే తీసేయమనండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

మేం తీసేయమన్నాం. అప్పటిదాకా వంగి వంగి మాట్లాడినవాళ్ళ నడుములు నిటారయ్యాయి. మేనేజరు వచ్చి, ఆ డబ్బు వడ్డించే పిల్లలకే పోతుంది సర్ అన్నాడు. అయితే పిల్లల చేతికే ఇస్తానన్నాను. కొత్త బిల్లు రావడానికి పట్టిన సమయంలో ఇంకోసారి భోంచేయొచ్చు. నీళ్ళు పోసిన కుర్రాడి చేతిలో నోటు పెడుతుంటే వాడు మేనేజరు వైపు చూసి గాని తీసుకోలేదు. ఆ డబ్బు ఎవరికి పోతుందో ఆ చూపే చెప్పింది.

బిర్యానీ మాట ఎత్తకపోతే మన హైదరాబాదు శ్రోతలు ఊరుకోరు. 1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్‌ని కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి, మటియాబురుజులో చిన్న లక్నో కట్టుకుని 1887లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన వంటవాళ్ళ చేతి మీదుగా వచ్చిందే కోల్‌కతా బిర్యానీ. అందులో ఒక పెద్ద ఆలుగడ్డ ఉంటుంది. నవాబుకి డబ్బు తగ్గి మాంసానికి బదులు ఆలుగడ్డ వేశారని జనం చెప్పుకుంటారు. నవాబు వంశీకులు ఒప్పుకోరు, ఆ కాలంలో ఆలుగడ్డ కొత్త వింత, ఖరీదైన ముచ్చట అంటారు. ఏదైతేనేం, కారం లేదు, మిర్చీ కా సాలన్ లేదు. మన నాలుకకి మొదటి నాలుగు ముద్దలు చప్పగా తగులుతాయి. ఆ తర్వాత అత్తరు వాసనా, మాంసపు రసం యఖనీలో నానిన ఆలుగడ్డా పనిచేయడం మొదలుపెడతాయి. బిర్యానీగా మన హైదరాబాదుదే మేలంటాను. ఆలుగడ్డ మాత్రం మనవాళ్ళు కూడా వేస్తే బాగుండును.

వీధి తిండి గురించి ఎంతైనా చెప్పొచ్చు గానీ రెండు మాటలతో సరిపెడతాను. ఒకటి డేకర్స్ లేన్. 1780లో మన దేశపు మొదటి పత్రిక ‘బెంగాల్ గెజెట్’ నడిపిన హికీ పేరే ఇప్పుడా సందుకి పెట్టారు. ఆఫీసుల మధ్యాహ్న విరామంలో అక్కడ జనం నిలబడి చికెన్ స్టూ, కాల్చిన రొట్టె తింటారు. బొప్పాయికాయ, క్యారెట్ వేసిన పల్చటి రసం, మిరియాల ఘాటు, జ్వరం వచ్చి తగ్గినవాడికి కూడా పెట్టొచ్చు. రెండోది ఫుచ్కా. మన పానీపూరీకి దగ్గర చుట్టమే గానీ, లోపల బఠాణీ రగడా కాదు, మసాలా వేసి చేత్తో మెదిపిన ఆలుగడ్డా నల్ల శనగలూ, పైన చింతపండు నీళ్ళు. విస్తరాకు దొన్నెలో ఒక్కొక్కటే వేస్తాడు. అన్నీ అయ్యాక డబ్బు తీసుకుని, నీళ్ళు లేకుండా ఒక్కటి ఊరికే ఇస్తాడు. ‘ఫావు’ అంటారు. మన బజారులో కొసరే. ఆ ఒక్కటి మర్చిపోతే ఆడపిల్లలు బండివాడిని కదలనివ్వరు.

ఫిర్యాదులు కూడా చెప్పేస్తాను. ఆవనూనె మొదటి రోజు గొంతులో పొగలా పట్టుకుంటుంది, రెండు మూడు రోజులకి గాని సర్దుకోదు. పప్పులోనూ కూరలోనూ పంచదార వేస్తారు, కారం తినేవాడికి అది నిజంగా శిక్షే. పెరుగు అడిగితే మిష్టి దొయి, మట్టి పిడతలో ఎర్రగా తోడుకున్న తియ్యటి పెరుగు. విడిగా తింటే అమృతం, అన్నంలో కలుపుకోవాలనుకుంటే ఏడుపే. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేసి నిద్రపోతాయి, నాలుగైతే గాని తెరుచుకోవు. చిన్న హోటళ్ళలో మరుగుదొడ్డి సంగతి అడక్కండి. నీళ్ళు మాత్రం సీసావే తాగడం మేలు. పెరుగన్నం లేకుండా బతకలేనివాళ్ళు దక్షిణాన లేక్ మార్కెట్ వైపు వెళ్ళండి. దక్షిణాదివాళ్ళు స్థిరపడ్డ ప్రాంతం. ఇడ్లీ, దోసె, సాంబారు, పుల్లటి పెరుగు అన్నీ దొరుకుతాయి.

మిఠాయి దుకాణం చివరికి పెట్టుకున్నాను, కోల్‌కతాలో ఎవరైనా చేసే పని అదే. బాగ్‌బజారులో నొబీన్ చంద్ర దాస్ 1868లో రసగుల్లా చేశాడని బెంగాలీలంటారు, పూరీ జగన్నాథుడికి మేం ఎప్పటినుంచో నైవేద్యం పెడుతున్నామని ఒడిశావాళ్ళంటారు. 2017లో బెంగాల్‌కీ, 2019లో ఒడిశాకీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇద్దరికీ గుర్తింపు వచ్చినా తగాదా మాత్రం తీరలేదు. నన్నడిగితే బెంగాల్ గొప్పతనం రసగుల్లాలో లేదు, సందేశ్‌లో ఉంది. అందులోనూ చలికాలంలో ఈతచెట్ల నీరా పులవక ముందే కాచి తీసిన కొత్త బెల్లం, నొలేన్ గుడ్ అంటారు, దానితో చేసిన సందేశ్‌లో. ఆ బెల్లం పొగవాసన, పాలు విరగ్గొట్టి తీసిన ఛేనా మెత్తదనం నోట్లో పడ్డాక కాసేపు మాట్లాడబుద్ధి కాదు.

ఉత్తర కోల్‌కతాలో ఒక పాత కొట్టులో ఊరికి పట్టుకెళ్దామని రెండు పెట్టెలు కట్టమన్నాను. కొట్టతను కట్టలేదు. ఎప్పుడు తింటారని అడిగాడు. రేపు రైలు, ఎల్లుండి ఇంట్లో అన్నాను. నేను చూపించినవి నొరోమ్ పాక్, అంటే లేత పాకం, మర్నాటికే పులుస్తాయట. గట్టి పాకం కొడా పాక్ నాలుగు రోజులుంటుంది, అది తీసుకోండి, ఇవి కావాలంటే ఇక్కడే నిలబడి తినండి అన్నాడు. నేను ఇంకోసారి బతిమాలాను. డబ్బులిస్తానంటే వద్దనేవాడిని చూడటం కొత్త కదా. ఆయన విసుక్కుని, రెండు లేత సందేశ్‌లు ఆకులో పెట్టి నా చేతికిచ్చి, గట్టివి పెట్టెల్లో పేర్చేశాడు. ఇంటికొచ్చాక కూడా అవి చెక్కుచెదరలేదు.

ఇదంతా చెప్పడానికి ఒక కారణం ఉంది. దసరా సెలవుల్లోనూ చలికాలంలోనూ విశాఖ బీచి రోడ్డు మీదా, అరకు రైల్లోనూ ఎటు చూసినా బెంగాలీ కుటుంబాలే. మన హోటళ్ళు కొన్ని వాళ్ళ కోసం బెంగాలీ అక్షరాలతో బోర్డులు కూడా రాయిస్తున్నాయి. ఈ ప్రసంగం వింటున్న హోటలు యజమానులకి, వడ్డించే అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి ఒక మనవి. రేటు గోడ మీద కనపడేట్టు రాయండి. గోంగూర మాంసం కారంగా ఉంటుందని ఆర్డరుకి ముందే చెప్పండి, పిల్లలు తినలేకపోతే ఇంకేదైనా చూపించండి. అన్నీ బాగుంటాయనకండి, ఆ రోజు ఏది బాగుందో అది చెప్పండి. చేప ఐసుదైతే ఐసుదనే చెప్పండి. చేప విషయంలో బెంగాలీవాళ్ళని మోసం చేయడం ఎలాగూ మన వల్ల కాదు.